మూడు వందల నలభై మూడు

హాస్టల్లో అందరూ పడుకున్నాక
గౌసియా తలుపు తట్టాను.
"ఏంది మే మునిరత్నా, ఈ పొద్దప్పుడు?"
చేతిలో కాగితం చూపించాను.
ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు,
అరవై నాలుగు గళ్ల గుణకార పట్టిక.

ఇది నిజమైతే నా రెండేళ్లు అబద్ధం.

నాది శుద్ధ గణితం. సమీప వలయాలు.
వలయం లాంటిదే, పూర్తిగా వలయం కాదు:
ఒక వైపు నుంచి అడిగితే పంచిపెడుతుంది,
రెండో వైపు నుంచి అడిగితే గుప్పిట మూస్తుంది.
మా బంధువుల్లో చాలామంది ఈ కోవలోకే వస్తారు.
గౌసియాది అనువర్తిత గణితం.
సాగే రేకు మీద పారే ద్రవం, అందులో రాగి నలుసులు,
కింద వేడి, అడ్డంగా అయస్కాంతం.
సమీకరణం విప్పేది షూటింగ్ పద్ధతిలో అని చెప్పినప్పటి నుంచీ
పీలేరులో వాళ్ల చిన్నమ్మ అడుగుతానే ఉంది,
"హీరో ఎవరు?" అని.

ఫెలోషిప్పు డబ్బులు పడి ఏడు నెలలు.
బాలాజీ కాలనీ మూల కొట్లో
ఇద్దరికీ టీ వన్ బై టూ.
ఆ కొట్టాయన గీత గీసినట్టు సమంగా పోస్తాడు;
మా శాఖలో అంత కచ్చితం ఎవరికీ లేదు.

"కంప్యూటర్లో వేస్తే అర నిమిషం కదమే," అంది.
వద్దన్నాను.
కూలేదేదో నా కళ్లముందే కూలాలి.

సున్నాతో కలిసినవి ఊరికే తేలిపోతాయి.
మిగిలినవి ఏడేడుల నలభై తొమ్మిది,
దాన్ని మళ్లీ ఏడుతో.
మూడేసి మూలకాలు తీసుకోవాలి.
మొదటి రెండిటిని ముందు గుణించినా
చివరి రెండిటిని ముందు గుణించినా
ఒకటే రావాలి. అన్నిట్లోనూ. అంతే.

తను చదువుతుంది, నా వేలు గడి వెతుకుతుంది,
తను టిక్కు పెడుతుంది.
నూరు దాటేసరికి నడుం పట్టేసింది.
ఒక్కో టిక్కూ నా నాలుగో అధ్యాయంలోంచి
ఒక్కో ఇటుక ఊడబీకుతోంది.
తప్పు గడి చూపించమని మనసు అంటుంది,
వేలు వినదు.
కిటికీలో కొండ రోడ్డు దీపాలు,
మలుపు దగ్గర నెమ్మదించే ఒక బస్సు.
"గోడకు ఆనుకున్న ద్రవం కదలదు మే,
మాకు అది మొదటి షరతు," అంది గౌసియా, ఆవలిస్తా.
"క్యూలో కమ్మీ పట్టుకోని నిలబడే ముసలామెను చూసినావా, అట్లా.
నడిమధ్యలో ఉండేవాళ్లు కొట్టుకుపోతారు."
నేను ఎక్కడ నిలబడ్డానో అడగలేదు.

రెండు వందల పదకొండు.
ఒక వైపు ఐదు. ఒక వైపు ఆరు.

కలవలేదు!
లేచి నిలబడ్డాను.
నా సిద్ధాంతం బతికింది. రెండేళ్లూ బతికాయి.
పక్క గదిలో ఎవరో విసుక్కున్నారు.
గౌసియా కాగితాన్ని ఫోను వెలుగులో పెట్టి చూసి
"ఇది ఐదు కాదు మే,
నీ ఆరుకు పొట్ట మూతపడలేదు," అంది.

కూర్చున్నాను.
రెండు వందల పన్నెండు.

చివరి టిక్కు పడేటప్పటికి
మెస్సులో గిన్నెల చప్పుడు,
అలిపిరి వైపు తొలి బస్సుల హారన్లు.
గౌసియా గోడకు ఆనుకుని అట్లే నిద్రపోయింది,
పెన్ను వేళ్ల మధ్యనే ఉంది.
ఎనిమిది మూలకాలు. గుప్పెడు.
ఇంత చిన్నది ఇన్నాళ్లూ ఎక్కడుంది?
ఇక్కడే. నేనే పెద్దవాటిలో దేవులాడాను.

తొమ్మిదికి సార్ మెసేజ్: "లెమ్మా పూర్తయిందా?"
"పూర్తయింది సార్" అని కొట్టి, చెరిపేసి,
"కలవాలి సార్" అని పంపాను.

నోట్సు తెరిచాను.
'ప్రతి పరిమిత సమీప వలయానికీ' అని మొదలవుతుంది, నా దస్తూరీనే,
ఆ రోజు ఎంత గుండ్రంగా రాశానో.
'ప్రతి' మీద పెన్నుతో ఒక గీత గీశాను,
కింద ఏముండిందో కనపడేటట్టు.
'కొన్నిటికి' అని ఇంకా రాయలేదు.
ఏ కొన్నిటికో
ముందు తెలియాలి.